ఆంటియోకస్: ఒకే పేరు, పదముగ్గురు రాజులు, అశోకుడి శాసనంలో ఒక చిక్కుముడి

తెలుగు పాఠకుడికి ఈ పేరు కనీసం మూడు వేషాల్లో ఎదురవుతుంది. అశోకుడి పదమూడో శిలాశాసనం గురించి చదివేటప్పుడు ‘అంతియోక’ అనే యవనరాజు కనిపిస్తాడు. తెలుగు బైబిలులో, శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచిన పట్టణం పేరు ‘అంతియొకయ’. ఇంగ్లీషు మీదుగా వచ్చిన ప్రపంచ చరిత్ర పుస్తకాల్లో అదే పేరు ‘ఆంటియోకస్’ అయింది. మూడింటికీ మూలం ఒక్కటే గ్రీకు పేరని తెలిశాక సగం తికమక తీరుతుంది కానీ, అసలు తికమక అక్కడే మొదలవుతుంది. సిరియా నుంచి ఇరాన్ దాకా ఏలిన సెల్యూసిడ్ వంశంలోనే ఈ పేరుగల రాజులు 13 మంది ఉన్నారు. పక్కనే ఉన్న చిన్న రాజ్యం కొమ్మాజీనీలో మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలవుతుంది. వీరు కాక ఒక తత్వవేత్త, ఒక చరిత్రకారుడు, ఒక ఓడ నడిపినవాడు ఉన్నారు. ‘ఆంటియోకస్ ఇలా చేశాడు’ అని ఎవరైనా రాస్తే, ‘ఏ ఆంటియోకస్?’ అని అడగకుండా ముందుకు పోవడం కుదరదు.

పేరులోని రెండు ముక్కలు

గ్రీకులో ‘అంతి’ అంటే ఎదురుగా. రెండో ముక్క ‘పట్టుకొను, నిలుపు’ అనే అర్థమున్న ‘ఎఖెయిన్’ క్రియ నుంచి వచ్చింది. రెండూ కలిస్తే ‘ఎదురొడ్డి నిలిచేవాడు’ అని అర్థం. గ్రీకులో ‘ఒఖొస్’ అనే మాటకు రథమనే అర్థం కూడా ఉంది కాబట్టి, ‘శత్రువుకు ఎదురుగా రథం తోలేవాడు’ అని చెప్పేవారూ ఉన్నారు. మొదటి అర్థాన్నే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఉచ్చారణ సంగతి తెలుగువారికి సరదాగా ఉంటుంది. మూలంలో ఆ పేరు సుమారుగా ‘అంతిఒఖొస్’. అందులోని రెండు ‘ఒ’లూ హ్రస్వాలే. సంస్కృత, ప్రాకృతాలకు హ్రస్వ ‘ఒ’ను చూపించే అక్షరం లేదు కాబట్టి అశోకుడి లేఖకులు ‘యో’ అని రాశారు. మనకు ఆ అక్షరం ఉంది. అందువల్ల బైబిలు అనువాదకులు రాసిన ‘అంతియొకయ’లోని పొట్టి ‘యొ’, ఇంగ్లీషు చదువుతో అలవాటైన ‘ఆంటియోకస్’ కన్నా గ్రీకు పలుకుబడికి దగ్గరగా ఉంది. చివరనున్న ‘అస్’ లాటిన్ వారు తగిలించిన తోక. ఈ వ్యాసంలో మాత్రం వాడుకలో స్థిరపడిన ఆంటియోకస్‌నే వాడుతున్నాను.

రాజుల పేరు కాకముందు ఏథెన్స్‌లో

ఈ పేరు వినగానే రాజులే గుర్తుకు రావడం తర్వాతి కాలపు అలవాటు. గ్రీకు పురాణాల ప్రకారం ఆంటియోకస్ హెరాక్లీస్ కొడుకుల్లో ఒకడు. క్రీ.పూ. 508 ప్రాంతంలో సంస్కర్త క్లెయిస్థెనీస్ ఏథెన్స్ పౌరులను పది తెగలుగా విభజించి, ఒక్కో తెగకు ఒక్కో వీరుడి పేరు పెట్టినప్పుడు, ఒకటి ఈ ఆంటియోకస్ పేరిట ‘ఆంటియోఖిస్’ అయింది. ఇవి రక్తసంబంధమున్న తెగలు కావు, పాలనా విభాగాలు. పట్టణం, తీరం, లోపలి ప్రాంతం మూడింటి నుంచీ గ్రామాలను ఏరి ఒక్కో తెగను కూర్చారు. సోక్రటీస్ ఆంటియోఖిస్ తెగవాడే. క్రీ.పూ. 406లో ఆర్గినూసే నౌకాయుద్ధం తర్వాత సేనానులను మూకుమ్మడిగా విచారించాలన్న రోజున, మండలిలో అధ్యక్షత వంతు ఈ తెగదే అయింది. ఆ తీర్మానం చట్టవిరుద్ధమని అడ్డుపడ్డ సోక్రటీస్, తన విచారణలో ఆ సంగతిని తెగ పేరుతో సహా గుర్తుచేశాడని ప్లేటో రాశాడు.

అదే ఏడాది ఇంకో ఆంటియోకస్ చరిత్రకెక్కాడు, మంచికి కాదు. ఏథెన్స్ సేనాని ఆల్సిబయాడీస్ తొలిసారి సభలో విరాళం ప్రకటించినప్పుడు జనం కొట్టిన చప్పట్లకు అతడు తన అంగీలో దాచుకున్న కౌజుపిట్టను మరిచిపోయాడనీ, అది తుర్రుమంటే పట్టి తెచ్చి ఇచ్చిన నావికుడు ఆంటియోకస్ అప్పటి నుంచి అతనికి ఆప్తుడయ్యాడనీ ప్లూటార్క్ చెబుతాడు. ఆ పరిచయం ఖరీదైనదే అయింది. నోటియం దగ్గర ఆల్సిబయాడీస్ నౌకాదళాన్ని అతనికి అప్పగించి, స్పార్టావారిని కదిలించవద్దని చెప్పి వెళితే, అతడు రెండు ఓడలతో పోయి స్పార్టా నౌకాధిపతి లైసాండర్‌ను కవ్వించి, ఓడి, చనిపోయాడు. ఆ ఓటమితో ఆల్సిబయాడీస్ సేనాపతి పదవి పోయింది. అంతకు ముందే, క్రీ.పూ. 5వ శతాబ్దంలో, సిరక్యూస్‌కు చెందిన ఆంటియోకస్ సిసిలీ చరిత్రను క్రీ.పూ. 424 దాకా రాశాడు. ఆ గ్రంథం నుంచి ఇతరులు ఉటంకించిన తునకలే మిగిలాయి.

తాత పేరు మనవడికి

రాచరికంలోకి ఈ పేరు వచ్చిన దారి మాసిడోనియా మీదుగా సాగింది. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన సెల్యూకస్ తండ్రి పేరు ఆంటియోకస్. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం గ్రీకుల ఆచారం. మన ఇళ్లలోనూ ఉన్నదే కాబట్టి వివరించనక్కరలేదు. సెల్యూకస్ తన కొడుక్కి తండ్రి పేరు పెట్టాడు, దానితో వంశంలో సెల్యూకస్, ఆంటియోకస్ అనే రెండు పేర్లూ తరతరాలుగా తిరుగుతూ వచ్చాయి. తండ్రి పేరిట అతడు పట్టణాలు కూడా కట్టించాడు. అవి 16 అని రోమన్ కాలపు చరిత్రకారుడు అప్పియన్ లెక్క చెప్పాడు. ఒరాంటిస్ నది ఒడ్డున క్రీ.పూ. 300లో పుట్టినది వాటిలో పెద్దది. బైబిలులోని అంతియొకయ అదే. నేటి టర్కీలో దాని పేరు అంతాక్యా, 2023 ఫిబ్రవరి భూకంపంలో నేలమట్టమైన నగరం. బైబిలులోనే మరో అంతియొకయ, పిసిదియలోనిది, కనిపించడానికి కారణం కూడా ఈ పట్టణాల జోరే.

అంకెలు వేసింది ఆ రాజులు కాదు

మొదటి, రెండో, మూడో అన్న అంకెలు ఆధునిక చరిత్రకారుల సౌకర్యం కోసం పెట్టినవి. ఆ కాలపు జనం రాజులను బిరుదులతోనో ఎగతాళి పేర్లతోనో గుర్తుపట్టేవారు. గలాటియా తెగలను ఏనుగులతో తరిమికొట్టిన మొదటివాడు ‘సోటర్’, అంటే రక్షకుడు. ఒక నిరంకుశుడి పీడ వదిలించినందుకు మిలీటస్ పౌరులు రెండోవాడికి ‘థియోస్’, దేవుడు, అని బిరుదిచ్చారు. మూడోవాడు ‘మెగాస్’, గొప్పవాడు. ఏడోవాడు సీడే పట్టణంలో పెరిగాడు కాబట్టి ‘సీడేటీస్’. ఎనిమిదోవాడు ‘గ్రైపోస్’, వంకరముక్కువాడు. నాణేల మీద ఆ ముక్కును దాచే ప్రయత్నం కూడా కనిపించదు. అతని మీద తిరగబడి యుద్ధం చేసినవాడు ఒకే తల్లికి పుట్టిన తమ్ముడు, తొమ్మిదో ఆంటియోకస్. ఆ అంతర్యుద్ధంలో ‘ఆంటియోకస్‌కు జయమగుగాక’ అంటే ఏ పక్షమో తేలేది కాదన్నమాట.

చిక్కు ఎంత లోతైనదో ఒక నాణేన్ని చేతిలోకి తీసుకుంటే అర్థమవుతుంది. నాలుగు ద్రక్మల వెండి నాణెం, సుమారు 17 గ్రాములు. ఒకవైపు తలకు పట్టీ కట్టుకున్న రాజు ముఖం. రెండోవైపు గుండ్రటి రాయి మీద కూర్చుని చేతిలోని బాణాన్ని చూస్తున్న అపోలో. అతనికి రెండు పక్కలా పైనుంచి కిందికి రెండు మాటలు: ‘బసిలెయోస్’, ‘అంతిఒఖూ’, ‘రాజు ఆంటియోకస్‌ది’ అని. అంతే. అంకె లేదు, బిరుదు లేదు, తండ్రి పేరు లేదు. మొదటి, రెండో, మూడో ఆంటియోకస్‌ల నాణేలు ఇలాంటివే కాబట్టి, నాణెశాస్త్రజ్ఞులు ముఖంలోని వయసు, టంకశాల గుర్తులు, ముద్ర అచ్చుల అరుగుదల చూసి ఎవరిదో తేల్చాలి. నాలుగోవాడి కాలానికి ‘దేవుడు, ప్రత్యక్షమైనవాడు, విజయం తెచ్చేవాడు’ అనే బిరుదులన్నీ నాణెం మీదికెక్కాయి. అది అహంకారమే కావచ్చు, చరిత్రకారులకు మాత్రం ఉపకారమే.

అంకెల వరుస కూడా నమ్మదగింది కాదు. రెండో సెల్యూకస్ తమ్ముడు ఆంటియోకస్ హియెరాక్స్, ‘డేగ’, చిన్న ఆసియాలో సొంతంగా ఏలి, రాజుగా నాణేలు ముద్రించాడు. అయినా అతనికి అంకె దక్కలేదు. నాలుగో సెల్యూకస్ కొడుకు, క్రీ.పూ. 170లో చంపబడ్డ బాలరాజు ఆంటియోకస్‌కూ అంతే. మన శాతవాహనుల్లో శాతకర్ణులు ఇలాగే ఒకరి మీద ఒకరు పడుతుంటే, గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అన్న తల్లి పేర్లే దారి చూపాయి. సెల్యూసిడ్లకు ఆ పని బిరుదులు చేశాయి.

అశోకుడి ‘అంతియోక’ ఎవరు?

కళింగ యుద్ధానంతర పశ్చాత్తాపాన్ని చెప్పే పదమూడో శిలాశాసనంలో, ధర్మవిజయం 600 యోజనాల దాకా వ్యాపించిందంటూ అశోకుడు యవనరాజు అంతియోకనూ, అతనికి ఆవల ఉన్న నలుగురు రాజులనూ పేర్కొన్నాడు: తురమాయ, అంతికిని, మక, అలికసుదర. అదే శాసనం తన ఏలుబడిలోని జనులను చెబుతూ ఆంధ్రులను కూడా పేర్కొనడం మనకు తెలిసిన విషయమే. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తి–పత్తికొండ దారి పక్కనున్న బండల మీద, ఈ పెద్ద శిలాశాసనాల వరుస చెక్కి ఉంది.

పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. గిర్నార్‌లో ‘అంతియక’, షాబాజ్‌గఢీలో ‘అంతియోక’, కాల్సీలో ‘అంతియోగ’. గ్రీకు చెవితో విన్నది ప్రాకృతపు నోటితో పలికితే ఇలాగే ఉంటుంది. బిందుసారుడికి గ్రీకులు ‘అమిత్రఖాతీస్’ అనే రూపం ఇచ్చారు; అది ‘అమిత్రఘాత’, శత్రుసంహారకుడు, కావచ్చు. అతడు ఆంటియోకస్‌కు రాసి తీయని ద్రాక్షసారా, ఎండు అంజూరాలు, ఒక తర్కపండితుడిని కొని పంపమని అడిగాడనీ, మొదటి రెండూ పంపుతాము గాని గ్రీసులో పండితులను అమ్మడం చట్టం కాదని జవాబు వచ్చిందనీ గ్రీకు రచయిత అథెనేయస్ భద్రపరిచిన కథ ఒకటుంది. కాలాన్ని బట్టి ఆ జవాబిచ్చినవాడు మొదటి ఆంటియోకస్. మరి కొడుకు అశోకుడి శాసనంలో ఉన్నదీ అతడేనా?

1838లో గిర్నార్ రెండో శాసనంలో ఈ పేరును చదివిన జేమ్స్ ప్రిన్సెప్, బ్రాహ్మీ లిపిని ఛేదించిన పండితుడు, తన వ్యాసం శీర్షికలోనే ‘మహా ఆంటియోకస్’ పేరు దొరికిందని ప్రకటించాడు. అంటే మూడోవాడు, క్రీ.పూ. 223–187. అందరికీ తెలిసిన ఆంటియోకస్ అతడే కాబట్టి ఆ ఊహ సహజమే, కానీ తప్పు. పదమూడో శాసనంలో మిగతా పేర్లు బయటపడ్డాకే దారి కనిపించింది. ఒక్క పేరు ఎవరినీ పట్టివ్వదు. ఐదు పేర్లు ఒకేసారి బతికి ఉండాలన్న షరతు పట్టిస్తుంది.

లెక్క చూద్దాం. తురమాయ ఈజిప్టు రాజు రెండో టాలమీ, క్రీ.పూ. 285–246. అంతికిని మాసిడోనియా రాజు ఆంటిగోనస్ గొనటాస్, సుమారు 277–239. మక సైరీనీ రాజు మాగస్, 250 ప్రాంతంలో చనిపోయాడు. అలికసుదర అంటే అలెగ్జాండర్. కానీ ఇక్కడ ఇద్దరు ఉన్నారు. ఎపిరస్ రాజు 272 నుంచి సుమారు 255 దాకా ఏలితే, కొరింత్ పాలకుడు 252 ప్రాంతంలో స్వతంత్రుడయ్యాడు. మూడో ఆంటియోకస్ గద్దెనెక్కే నాటికి వీరిలో ఎవరూ బతికిలేరు. కాబట్టి మిగిలినవారు మొదటివాడు, క్రీ.పూ. 281–261, లేదా రెండోవాడు, 261–246.

ఇప్పుడు అశోకుడి వైపు నుంచి రావాలి. చంద్రగుప్తుడు 321 ప్రాంతంలో రాజయ్యాడనుకుంటే, అతని పాలన 24 ఏళ్లు. బిందుసారుడి పాలన పురాణాల ప్రకారం 25 ఏళ్లు. అశోకుడు రాజ్యానికి వచ్చింది 272లో. పట్టాభిషేకం నాలుగేళ్ల తర్వాత అని సింహళ గ్రంథాలు చెబుతాయి కాబట్టి 268. అభిషేకం జరిగిన పదమూడేళ్లకు ధర్మమహామాత్రులను నియమించినట్టు ఐదో శాసనమే చెబుతోంది. పదమూడో శాసనం అదే వరుసలో ఉన్నది కాబట్టి 255 ప్రాంతపుది, లేదా ఆ తర్వాతిది. బిందుసారుడికి సింహళ గ్రంథాలు ఇచ్చే 28 ఏళ్లు తీసుకుంటే ఇదే లెక్క 252కు వస్తుంది. ఏ లెక్కలోనైనా సిరియా గద్దె మీద ఉన్నది రెండో ఆంటియోకసే. మారేది అలెగ్జాండర్ మాత్రమే: 255 అయితే ఎపిరస్ రాజుకు, 252 అయితే కొరింత్ పాలకుడికి మొగ్గు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పాటలీపుత్రానికి మధ్యధరా వార్తలు చేరడానికి నెలలు పట్టేవి, చనిపోయిన రాజు బతికున్నట్టు రాసి ఉండవచ్చు, దూతలు వెళ్లింది మొదటి ఆంటియోకస్ కాలంలోనే కావచ్చు అనేవారున్నారు. ముఖ్యంగా పేరు ఒక్కటే ఉన్న రెండో శాసనానికి ఈ వాదన కొంత వర్తిస్తుంది. ఇంకో ఇబ్బంది మరింత మౌలికమైనది. అశోకుడు తన పాలనా సంవత్సరాలనే చెప్పాడు గాని ఏ శకాన్నీ వాడలేదు. అతని తేదీలను క్రీస్తుపూర్వపు అంకెల్లోకి మార్చడానికి మనకున్న గట్టి ఆధారం ఈ ఐదుగురు గ్రీకు రాజులే. ఆ తేదీలతోనే మళ్లీ ఆ రాజులను గుర్తుపట్టడం గుడుగుడుగుంచం కాదా? కొంతవరకు అవును. పురాణ, సింహళ సంప్రదాయాల సంవత్సరాలు విడిగా లెక్కించినా అదే దశకానికి వచ్చి తగలడమే ఈ గుర్తింపుకు బలం.

మొదటివాడి పేరు మరో లిపిలోనూ దొరికింది. బాబిలోన్ పక్కన బోర్సిప్పాలో నబూ దేవుడి ఆలయానికి పునాది వేస్తూ క్రీ.పూ. 268లో స్తూపాకారపు మట్టి దిమ్మె మీద మేకు లిపిలో రాయించిన వచనంలో ఆ రాజు ‘అంతిఉకుస్’. ఒకే తరం అటూ ఇటూగా ఈ పేరును గ్రీకు, మేకు లిపి, బ్రాహ్మి, ఖరోష్ఠి నాలుగింటిలోనూ రాశారు.

మూడోవాడి అప్పు, నాలుగోవాడి అపకీర్తి

మూడోవాడు క్రీ.పూ. 206 ప్రాంతంలో హిందూకుష్ దాటి, గ్రీకులు ‘సోఫగసేనస్’ అని పిలిచిన సుభగసేనుడితో స్నేహం పునరుద్ధరించి ఏనుగులు తీసుకెళ్లాడు. తర్వాత రోమ్‌తో తలపడి మాగ్నీసియా దగ్గర ఓడాడు. 188 నాటి ఒప్పందం అతని మీద 15,000 టాలెంట్ల (వెండిని తూచే పెద్ద కొలత) భారం మోపింది. మరుసటి ఏడాది ఎలిమైస్‌లో ఒక ఆలయ ధనం కాజేయబోయి స్థానికుల చేతిలో చచ్చాడు.

నాలుగోవాడు, క్రీ.పూ. 175–164, యూదుల చరిత్రలో అందరికన్నా చెడ్డపేరు మూటగట్టుకున్నాడు. కాథలిక్ బైబిలులోని మక్కబీయుల గ్రంథాల్లో అతని కథ ఉంది. 168లో ఈజిప్టును దాదాపు గెలిచిన సమయంలో, రోమన్ దూత పొపిల్లియస్ ఇసుకలో అతని చుట్టూ కర్రతో గీత గీసి, బయట అడుగుపెట్టేలోగా జవాబు చెప్పమన్నాడు. అతడు వెనక్కి తగ్గాడు. 167లో యెరూషలేము దేవాలయంలో యూదుల ఆరాధన ఆపించి, వారి ధర్మశాస్త్రాచరణను నిషేధించాడు. 164లో తిరుగుబాటుదారులు ఆలయాన్ని శుద్ధి చేసిన రోజుల జ్ఞాపకమే హనుక్కా పండుగ.

ఎందుకు చేశాడన్నదే తెగని చర్చ. గ్రీకు సంస్కృతిని బలవంతంగా రుద్దాలన్న మతోన్మాదమని సంప్రదాయ వాదన. కానీ మిగతా ప్రజల ఆరాధనల జోలికి అతడు ఇలా పోయిన దాఖలాలు లేకపోవడం ఈ వాదనకు అడ్డు. యూదుల్లోనే ఉన్న సంస్కరణవాదులు దీనికి ప్రేరకులని చరిత్రకారుడు ఎలియాస్ బికర్‌మన్ 1937లో వాదించాడు. రాజుకు పుట్టిన ఆలోచన కాదని చెప్పడానికి ఇది పనికొస్తుంది గాని, ఆ సంస్కర్తలే అంత దూరం పోయారనడానికి ఆధారం పలుచన. నిషేధం వల్ల తిరుగుబాటు రాలేదు, ముందే వచ్చిన తిరుగుబాటును అణచడానికే నిషేధం అన్నది విక్టర్ చెరికోవర్ వాదన. తండ్రి మిగిల్చిన అప్పు కోసం ఆలయ ధనం మీద పడ్డాడని కొందరు, ఇసుకలో గీత అవమానం తర్వాత తన బలం చూపించుకోవాల్సి వచ్చిందని ఇంకొందరు అంటారు. నాకు చెరికోవర్ చెప్పిన క్రమం ఎక్కువ పొసగినట్టు తోస్తుంది, అయితే దాన్ని డబ్బు అవసరం నుంచి విడదీయలేం. మనిషి స్వభావం గురించి గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఇచ్చిన బొమ్మ వేరే: పరివారం కన్నుగప్పి కంసాలుల దుకాణాల్లో కూర్చుని కబుర్లాడే రాజు. అందుకే ‘ఎపిఫనీస్’, ప్రత్యక్షదైవం, అన్న బిరుదును జనం ఒక్క అక్షరం మార్చి ‘ఎపిమనీస్’, వెర్రివాడు, అన్నారట.

తత్వవేత్త, కొండమీది రాజు, చివరి వారసుడు

ఆస్కలాన్‌కు చెందిన ఆంటియోకస్ ప్లేటో అకాడమీలో సంశయవాదాన్ని వదిలి, పాత ప్లేటో, అరిస్టాటిల్, స్టోయిక్కులు మూలంలో చెప్పింది ఒకటేనన్నాడు. క్రీ.పూ. 79లో ఏథెన్స్‌లో సిసెరో అతని పాఠాలు విన్నాడు. ఎదురొడ్డి నిలిచేవాడన్న పేరు పెట్టుకుని అందరినీ కలపబోయాడు.

కొమ్మాజీనీ మొదటి ఆంటియోకస్ తల్లి వంకరముక్కు గ్రైపోస్ కూతురు. నెమ్రుత్ పర్వతం మీద, 2,100 మీటర్లకు పైన, రాళ్లు పోసిన సమాధి గుట్ట చుట్టూ గ్రీకు, పారశీక దేవతల మధ్య తన విగ్రహాన్ని కూడా కూర్చోబెట్టుకున్నవాడు ఇతడే. 1987 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. ఈ వంశంలోనూ నాలుగో ఆంటియోకస్ ఉన్నాడు, క్రీ.శ. 38–72 మధ్య రోమ్ నీడలో ఏలాడు, అతని బిరుదు కూడా ఎపిఫనీసే. ‘నాలుగో ఆంటియోకస్ ఎపిఫనీస్’ అని పూర్తిగా రాసినా, రెండు శతాబ్దాల ఎడంతో ఇద్దరు మనుషులు దానికి సరిపోతారు. యూదులను హింసించినవాడు సెల్యూసిడ్ రాజు. కొమ్మాజీనీ రాజు యెరూషలేము ముట్టడికి రోమన్లకు సైన్యం పంపినవాడు కావడంతో తికమక ఇంకా బిగుసుకుంటుంది.

ఆ కొమ్మాజీనీ రాజు మనవడు ఫిలోపాప్పస్, పూర్తి పేరులో ఆంటియోకస్ ఎపిఫనీస్ అని ఉన్నవాడు, రాజ్యం పోయాక ఏథెన్స్‌లో స్థిరపడ్డాడు. అక్రోపొలిస్‌కు ఎదురు గుట్టమీద 114–116 ప్రాంతంలో లేచిన అతని స్మారకం ఇప్పటికీ సగం నిలిచే ఉంది. మధ్యలో అతడు, ఒకవైపు తాత ఆంటియోకస్, ఇంకోవైపు ఇప్పుడు లేని విగ్రహం మూలపురుషుడు సెల్యూకస్‌ది. మధ్య విగ్రహం కింది చెక్కడంలో అతని ఏథెన్స్ గ్రామం పేరు కూడా ఉంది: బేసా. క్లెయిస్థెనీస్ విభజనలో ఆ గ్రామం సోక్రటీస్ తెగలోనిదే, ఆంటియోఖిస్‌లోనిది.